అన్, ఇన్, డిస్: ఇంగ్లీషు వ్యతిరేక పదాలూ మన నఞ్ సమాసమూ



కిందటేడు చలికాలంలో మా వీధి చివరింటి పిన్నిగారు ఒక సాయంత్రం చేతిలో పెద్ద కవరు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కడుపునొప్పికి స్కానింగ్ తీయించుకున్నారట. రిపోర్టులో లివరు, ప్లీహం, మూత్రపిండాలు, అన్నిటి ఎదురుగా ఒకటే మాట: అన్‌రిమార్కబుల్. డిగ్రీ చదువుతున్న మనవరాలు ఫోన్లో నిఘంటువు చూసి, ‘రిమార్కబుల్ అంటే చెప్పుకోదగ్గది అమ్మమ్మా, అన్ అంటే కాదు, అంటే నీ లివరు అంతంతమాత్రంగా ఉందన్నమాట’ అని చెప్పింది. పిన్నిగారికి రెండు రాత్రులు నిద్ర లేదు. నేను రిపోర్టు చదివి, ‘ఎత్తి చూపాల్సిన లోపమేదీ కనపడలేదని రాశారు పిన్నిగారూ, ఇంతకంటే మంచి మాట ఈ కాగితంలో రాయరు’ అన్నాను. ఆవిడ ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుని, ఆ మాట మీద వేలు పెట్టి, ‘మరి ఇంత మంచి మాటకి ముందు ఈ అన్ ఎందుకు నాయనా?’ అని అడిగారు.

ఈ ఉపన్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

మనవరాలి తప్పేమీ లేదు. బళ్లో మనం నేర్పిందే చెప్పింది. బోర్డు మీద మాటకూ మాటకూ మధ్య గుణకారం గుర్తు పెడతాం. హ్యాపీకి అన్‌హ్యాపీ, పొలైట్‌కి ఇంపొలైట్, ఒబేకి డిసొబే. ముందు ఓ ముక్క చేరిస్తే అర్థం తిరగబడుతుందని చెప్పి, పది మాటలు వల్లె వేయించి, మార్కులు వేస్తాం. ముప్పై ఏళ్లు నేనూ అలాగే వేశాను. నాకు పాఠాలు చెప్పిన మాస్టారు అలా నేర్పలేదు. ఆయన నేర్పిన పద్ధతిని నా పిల్లలకు అందించలేకపోయానన్న బాధ నాకుంది.

మాస్టారు మా ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. తెలుగు పండితులు సెలవు పెట్టిన రోజున ఆ పిరియడూ ఆయనే తీసుకునేవారు. అలాంటి ఒక రోజున నఞ్ తత్పురుష పాఠం. అన్యాయం, న్యాయం కానిది. అసత్యం, సత్యం కానిది. మేం విగ్రహవాక్యాలు గడగడా చెప్పుకుంటూ పోతున్నాం. ఆయన ఆపి బోర్డు మీద ‘అమూల్యం’ అని రాశారు. ‘మూల్యం లేనిది’ అన్నాడు మాలో ఒకడు. ‘అయితే పారేద్దామా?’ అన్నారు మాస్టారు. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు దాని పక్కన ఇంగ్లీషులో ‘ఇన్‌వాల్యుబుల్’ అని రాశారు. వెల లేనిది వేరు, వెల కట్టలేనిది వేరు అని చెప్పి, రెండు మాటల ముందూ ఉన్న ‘అ’నూ ‘ఇన్’నూ సుద్దముక్కతో చుట్టి, ‘ఇవి రెండూ ఒక తల్లి బిడ్డలు’ అన్నారు. సంస్కృతమూ ఇంగ్లీషూ బోర్డు మీద పక్కపక్కన నిలబడటం నేను చూసింది ఆ రోజే.

ఆ తల్లి సంగతి కొంచెం చెబుతాను. 1786లో విలియం జోన్స్ కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో చేసిన ప్రసంగంలో సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఒకే మూలం ఉండి ఉండాలన్నాడు. ఆ చుట్టరికం ఎంత దగ్గరిదో చూడటానికి ఒక్క మాట చాలు: అన్‌నోన్. ఇందులో ‘అన్’ ఇంగ్లీషు సొంత ముక్క. ‘నో’ ముందు మనం పలకని కె అక్షరం ఒకప్పుడు వాళ్లు పలికేవాళ్లు. సంస్కృతంలో అదే ధాతువు జ్ఞా. ముందు అ చేరిస్తే అజ్ఞాత. లాటిన్లో ఇగ్నోటుస్, గ్రీకులో అగ్నోస్టోస్. ముక్కకు ముక్క సరిపోయే నాలుగు మాటలు, నాలుగు భాషల్లో. ఆ గ్రీకు మాట నుంచే 1869లో టి.హెచ్. హక్స్‌లీ ఆగ్నోస్టిక్ అనే మాటను తయారుచేశాడు. అచ్చు ముందు ‘అ’ మనకు ‘అన్’గా మారుతుంది కదా, అంతం అనంతం అయినట్టు; గ్రీకులోనూ అంతే, అందుకే అనానిమస్. మన అనామకుడు ఆ మాటకు దగ్గరి చుట్టం. గ్రీకు దేవతల ఆంబ్రోసియాలోనూ చావు లేదనే ‘అ’ ఉంది. అది మన అమృతమే.

ఇక ఈ ‘అ’ అర్థాల సంగతి. దీన్ని నఞ్ అని పిలిచిన మన వ్యాకర్తలు దానికి ఒక్క అర్థంతో సరిపెట్టుకోలేదు. సాదృశ్యం, అభావం, అన్యత్వం, అల్పత్వం, అప్రాశస్త్యం, విరోధం అని ఆరు చెప్పారు. బళ్లో మనం ఒక్క ‘కానిది’తో గడిపేస్తాం గానీ, ఈ ఆరింటినీ చేతిలో పట్టుకుని ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే గదిలో దీపం వెలిగించినట్టే ఉంటుంది.

అభావం, అంటే లేకపోవడం, తేలికైనది. అన్‌ఆర్మ్‌డ్ అంటే చేతిలో ఆయుధం లేనివాడు. అన్యత్వమంటే అది కాక వేరొకటి. లైబ్రరీలో నాన్‌ఫిక్షన్ బీరువా ఉంటుంది. కథా సాహిత్యం కానివన్నీ అక్కడే, వంటల పుస్తకం నుంచి చరిత్ర దాకా. నాన్ అనే ముక్క మంచీ చెడూ పలకదు, వేరు చేసి ఊరుకుంటుంది. అల్పత్వానికి వ్యాకర్తలు ‘అనుదర’ అనే ఉదాహరణ చెప్పేవారు. ఉదరం లేని పిల్ల కాదు, నడుము సన్నని పిల్ల. ఇంగ్లీషులో ఇన్‌సిగ్నిఫికెంట్‌ది ఈ దారే. అర్థం లేనిదని మొదలై, లెక్కలోకి రానంత చిన్నదనే చోట స్థిరపడింది. సాదృశ్యం అంటే దాన్నే పోలి ఉండి అది కానిది. నాకు వెంటనే తోచేది అన్‌డెడ్. బ్రామ్ స్టోకర్ 1897లో అచ్చు వేసిన డ్రాకులా నవలకు మొదట అనుకున్న పేరు అదే. చావనివాడంటే బతికి ఉన్నవాడని గుణకారం గుర్తు చెబుతుంది. కానీ అన్‌డెడ్ బతికిలేడు. శవంలాగే ఉండి శవం కానివాడు.

నేను ఎక్కువసేపు నిలబడాలనుకునేది అప్రాశస్త్యం దగ్గర. తగనిది, మెచ్చరానిది అని. ఇంగ్లీషులో అన్, ఇన్ ఎక్కడ తీర్పు చెబుతాయో ఇక్కడ తెలుస్తుంది. నాన్‌ప్రొఫెషనల్ అంటే ఆ వృత్తిలో లేనివాడు. వీధి నాటకంలో సరదాగా వేషం కట్టే బడిపంతులు నాన్‌ప్రొఫెషనల్ నటుడు, అందులో అవమానం లేదు. అన్‌ప్రొఫెషనల్ అన్నామా, అది తిట్టు. వృత్తిలో ఉండి దాని మర్యాద తప్పినవాడికే ఆ మాట తగులుతుంది. మర్యాద లోపల ఉన్నవాణ్ణే బయటికి నెట్టగలం. ఈ తేడా ఎంత దూరం పోతుందో అమెరికా చరిత్రలో ఉంది. 1938లో అక్కడి ప్రతినిధుల సభ ఒక కమిటీ వేసింది. దాని పేరులో అన్‌అమెరికన్ అనే మాట ఉండేది. మనం నాన్‌అమెరికన్లం, ఆ మాట మనకు తగలదు. ఆ కమిటీ అక్కడే పుట్టి పెరిగినవాళ్లను పిలిచింది. ఆర్థర్ మిల్లర్ అనే నాటకకర్త 1956లో దాని ముందు నిలబడి తోటివాళ్ల పేర్లు చెప్పడానికి ఒప్పుకోలేదు. రెండక్షరాల ముక్క ఒక పౌరుణ్ణి తన దేశానికే పరాయివాణ్ణి చేయగలిగింది.

ఇన్‌ఫమస్ కూడా ఈ కోవలోదే. ఫేమస్ కానివాడని మా విద్యార్థులు ఏటా రాస్తారు. పేరు లేకపోవడం అందులో లేదు. పేరు మోసినవాడే, చెడ్డగా మోసినవాడు. తెలుగులో ఖ్యాతికి ఎదురు అపఖ్యాతి అంటాం, అఖ్యాతి అని సాధారణంగా అనం. చెడును చెప్పడానికి మనకు ‘అప’ ఉంది, ‘దుర్’ ఉంది. ఈ మాటలో ఇంగ్లీషు ఇన్ ఆ పనులన్నీ ఒక్కటే మోస్తోంది.

విరోధానికి మనకు అధర్మం ఉంది. ధర్మం లేని ఖాళీ చోటు కాదది, ధర్మానికి ఎదురు నిలిచే బలం. అన్‌హ్యాపీ అలాంటిదే. సంతోషంగా లేని మనుషులంతా దుఃఖంలో ఉండరు. నడుమ ఎంతో మామూలు జీవితం ఉంది. అన్‌హ్యాపీ ఆ నడుమంతా దాటి అవతలి గట్టున దిగుతుంది. అందుకే ఎవరైనా నాట్ అన్‌హ్యాపీ అంటే రెండు ‘కాదు’లు కొట్టివేతకు పోయి హ్యాపీ మిగలదు, ఆ నడిమి నేల మీద నిలబడుతుంది. డేనిష్ పండితుడు ఓటో యెస్పర్సన్ 1917లో వ్యతిరేకార్థం మీదే ఒక పుస్తకం రాశాడు, ఈ సంగతీ అందులో చర్చించాడు. గుణకారం గుర్తు ఆ నేలను పిల్లలకు కనపడనివ్వదు. జార్జ్ ఆర్వెల్ 1949 నాటి నవలలో ఒక నిరంకుశ ప్రభుత్వం బ్యాడ్ అనే మాటను రద్దు చేసి అన్‌గుడ్ అని పెడుతుంది. మాటలను యంత్రంలా తిరగేస్తే ఆలోచన ఎంత కురచవుతుందో ఆయనకు తెలుసు.

మొదటి ముక్కను ఇప్పుడు పోల్చలేని మాటలంటే నాకు ప్రాణం. ఎనిమీ అనే మాటలో ‘ఇన్’ దాక్కుని ఉంది. లాటిన్లో అమికుస్ అంటే స్నేహితుడు, ఇనిమికుస్ అంటే స్నేహితుడు కానివాడు. సంస్కృతంలో అమిత్రుడంటే శత్రువే, స్నేహం లేని దారిన పోయేవాడు కాడు. రెండు భాషలూ వేర్వేరుగా నడిచి ఒకే మెట్టు ఎక్కాయి. ఫోన్లో మనం నొక్కే అన్‌ఫ్రెండ్ మాత్రం ఇంకో జాతి. దాని సంగతి తర్వాత.

ఇన్‌ఫంట్ అంటే మాట్లాడలేనివాడు. మనమూ పసిబిడ్డను మాటలు రాని వాడంటాం. ఇంగ్లీషు చట్టంలో చాలాకాలం 21 ఏళ్లు నిండనివాళ్లంతా ఇన్‌ఫంట్లే, ఎంత మాటకారులైనా. ఇమ్యూన్ అంటే రోము నగరంలో పన్నులూ వెట్టి బాధ్యతలూ లేనివాడు, మన సర్వమాన్యాల్లాంటి ఏర్పాటు. ఇప్పుడు కషాయం పొట్లాల మీద ఇమ్యూనిటీ అని రాసి అమ్ముతున్నది ఆ మాటనే. ఇన్నొసెంట్ అంటే హాని చేయనివాడు. అమాయకుడనీ నిర్దోషి అనీ మనం అనువదిస్తాం. వేరు తవ్వితే అహింసకుడు. గాంధీ అహింసకు నాన్‌వయొలెన్స్ అని వాడినప్పుడు, ఆ నాన్ చాలా మందికి చేతులు ముడుచుకోవడంలా వినిపించింది. మనకు ‘అ’లో ఆ లోటు వినిపించదు, ఎందుకంటే అహింస వేల ఏళ్లుగా నిండు మాటగా బతికింది. ముందున్న ముక్క ఒకటే అయినా, వెనక నడిచిన బతుకు వేరు.

అన్‌కూత్ అనే మాట దగ్గర మాత్రం నా మనసు కలుక్కుమంటుంది. మొరటువాడని దానర్థం. పాత ఇంగ్లీషులో కూత్ అంటే తెలిసినది. అన్‌కూత్ అంటే తెలియనిది. ఇందాకటి అజ్ఞాతకు తోబుట్టువు. తెలియనివాడు వింతవాడయ్యాడు, వింతవాడు మొరటువాడయ్యాడు. ఎవరూ ఏ చట్టమూ చేయలేదు. కొన్ని వందల ఏళ్లు ఊరివాళ్లు పొరుగూరివాణ్ణి చూసిన చూపే ఆ మాటలో పేరుకుంది.

రెండు తికమకలు చెప్పి ముందుకు పోతాను. పెట్రోలు ట్యాంకరు వెనక హైలీ ఇన్‌ఫ్లేమబుల్ అని రాసి ఉంటుంది. అక్కడి ఇన్ వ్యతిరేకం చెప్పదు; లోపలికి, మీదికి అనే అర్థమున్న ఇంకో ఇన్ అది, నిప్పంటించడమనే క్రియలోది. ఇన్‌ఫ్లమేషన్‌లో ఉన్నదీ అదే. అంటుకోదని పొరబడితే ప్రాణం పోయే మాట. 1920లలో అమెరికా అగ్నిమాపక రంగంవాళ్లు ఆ ఇన్ తీసేసి ఫ్లేమబుల్ అనమని ప్రచారం చేశారు. మన రోడ్ల మీద ఇప్పటికీ పాత మాటే తిరుగుతోంది. దాన్ని మార్చాలనే నా అభిప్రాయం, ప్రమాదాన్ని చెప్పే మాటకు వ్యుత్పత్తి గౌరవం కంటే స్పష్టత ముఖ్యం. రెండోది, అన్‌లాక్, అన్‌టై, అన్‌ఫ్రెండ్ వంటి క్రియల్లోని అన్. అది చేసిన పనిని విప్పుతుంది. తాళం వేయకపోవడం కాదు, వేసిన తాళం తీయడం. ఇది వేరే వేరు నుంచి వచ్చి, రూపంలో మొదటి అన్‌తో కలిసిపోయింది. అన్‌లాకబుల్ అనే మాటను పిల్లల ముందు పెట్టండి. తాళం వేయడానికి వీల్లేని తలుపా, తాళం తీయడానికి వీలైన తలుపా? రెండూ సరైనవే. ముక్కలు ఎక్కడ విడదీస్తామన్న దాన్ని బట్టి అర్థం. సమాసాలు విడదీయడం వచ్చిన తెలుగు పిల్లలకు ఇది ఆట.

ఇప్పుడు పిన్నిగారి ప్రశ్నకు వస్తాను. రిమార్కబుల్ అంటే రిమార్కు చేయదగింది. డాక్టరు దృష్టిలో రిమార్కుకు తగిందంటే లోపమే. అందుకే అన్‌రిమార్కబుల్ ఆరోగ్యం. ఏ మాట ముందు వ్యతిరేకం నిలిచిందో, ఆ మాటను ఎవరు ఏ పనికి వాడుతున్నారో తెలిస్తేనే అర్థం తేలుతుంది. అదే ఆసుపత్రిలో నెగటివ్ వచ్చిందంటే సంతోషించాలి.

మనకు ఇక్కడ తడబాటు ఎక్కువగా ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. 1816లో ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసిన వేరే కుటుంబమని చూపించాడు. అచ్చ తెలుగులో మాట ముందు చేర్చే వ్యతిరేకం లేదు. మనది చివర్లో వస్తుంది, క్రియ లోపల. రాడు, చేయను, తీరని, అంతులేని, తిరుగులేని. పైగా మన వ్యతిరేకం నోరు విప్పగానే తన జాతి చెప్పేస్తుంది. ఇవి పాలు కావు అంటే అన్యత్వం. ఇందులో పాలు లేవు అంటే అభావం. పాలు వద్దు అంటే మన ఇష్టం. పాలు తాగరాదు అంటే ఎవరిదో ఆజ్ఞ. ఇంగ్లీషు అన్ దగ్గర మనం అనువాదానికి కూర్చుంటే ఈ నాలుగింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకునే ముందు ఆలోచించక తప్పదు. తెలుగు మీడియం పిల్లవాడికి ఇది అడ్డంకి అంటారు. ఇది వాడికి పెద్ద వరమని మాస్టారు నమ్మారు, నేనూ నమ్ముతున్నాను.

ఆ ఎంపిక ఎంత బరువైనదో ఒక మాటలో చూపిస్తాను. అన్‌టచబుల్. అమెరికాలో షికాగోలో అల్ కపోన్ ముఠాను ఎదుర్కొన్న ఎలియట్ నెస్ బృందానికి ఆ పేరు బిరుదైంది. 1957లో ఆయన జ్ఞాపకాలు ఆ పేరుతోనే పుస్తకంగా వచ్చాయి. లంచం అంటనివాళ్లని దానర్థం. క్రికెట్ వ్యాఖ్యాతలు బ్యాట్‌కు అందని బౌలింగును అలా మెచ్చుకుంటారు. అదే మాట మన దేశంలో కోట్ల మంది మీద వేసిన ముద్ర. ఇంగ్లీషు మాట నిర్మాణం చూడండి: తాకడానికి వీలుకానివాడట. వీలు లేకపోవడం ఆ మనిషి గుణమైనట్టు, కొండ ఎక్కడానికి వీలుకానట్టు. అంటకూడదని చెప్పినవాడెవడో ఆ మాటలో ఎక్కడా కనపడడు. తెలుగు మాట అంటరాని. అంటరాదు, తాకరాదు, నీళ్లు తోడరాదు. ‘రాదు’ అనగానే ఇది ఒకడు ఇంకొకడికి చేసిన ఆజ్ఞ అని తెలిసిపోతుంది. నేరం ఎవరిదో తెలుగు దాచలేకపోయింది. అంటనివాడికీ అంటరానివాడికీ మధ్య ఉన్న ఆ ఒక్క ‘రా’లో మన ఊళ్ల చరిత్ర ఉంది.

రాజ్యాంగంలో 17వ అధికరణం ఈ ఆచారాన్ని రద్దు చేసింది. ఇంగ్లీషు పాఠంలో అన్‌టచబిలిటీ అనే మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు, నిర్వచనం మాత్రం ఇవ్వలేదు. నేను ఆ గుర్తులను చూసిన ప్రతిసారీ, ఇది మా మాట కాదు, ఎవరో అన్న మాట అని రాజ్యాంగం వేలు పెట్టి చూపిస్తున్నట్టు చదువుకుంటాను. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఇంగ్లీషు పేరులోనూ ఆ మాట ఉండేది. 1976లో దాన్ని పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా మార్చినప్పుడు శీర్షికలోంచి అన్ వెళ్లిపోయింది.

అంతకు చాలా ముందే, 1917లో, బెజవాడలో పంచములుగా పిలవబడినవాళ్లు మహాసభ పెట్టుకున్నారు. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. ఊరు పెట్టిన పేర్లు తమకు అక్కర్లేదని, తామే ఒక పేరు పెట్టుకున్నారు. ఆది ఆంధ్రులు. లేదనీ కాదనీ రాదనీ చెప్పే ముక్క ఆ పేరులో ముందూ లేదు, వెనకా లేదు.